తలుపు లేనివారిని లెక్కించడం ఎలా?

జనాభా లెక్కలవాళ్ళు మీ ఇంటికి వచ్చిన రోజును ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ముందు ఇళ్ళ జాబితా రాసేవారు వచ్చి గుమ్మం పక్కన గోడ మీద ఒక నంబరు వేసి వెళ్ళారు. కొన్ని నెలల తరువాత మరొకరు, బహుశా దగ్గరి బడిలో పనిచేసే పంతులుగారో పంతులమ్మగారో, ఆ నంబరు వెతుక్కుంటూ వచ్చి తలుపు తట్టారు. ఇంట్లో ఎందరున్నారో, ఎవరి వయసెంతో, ఎవరు ఎంతవరకు చదివారో అడిగి రాసుకున్నారు. మీరు ఊళ్ళో లేకపోతే మళ్ళీ వచ్చారు. ఇంత పెద్ద దేశంలో ఇంత పెద్ద లెక్క సాగుతున్నదంటే దానికి ఆధారం ఒక్కటే: తలుపు. మనిషి కదులుతాడు, తలుపు కదలదు. మనం లెక్కిస్తున్నది మనుషులనే అయినా, నిజానికి ఒక తలుపు తరువాత మరో తలుపును వెతుక్కుంటూ పోతున్నామన్నమాట.

మరి తలుపే లేనివారి మాటేమిటి? రైల్వే స్టేషను ముందు, ఫ్లైఓవరు కింద, మూసిన కొట్ల అరుగుల మీద, గుడి మండపంలో నిద్రపోయేవారిని ఏ నంబరు పట్టుకుని వెతకాలి? నిన్న ఉన్న చోట ఈ రోజు ఉండకపోతే? ఒకే మనిషిని రెండుసార్లు లెక్కిస్తే? అసలు కంటికే కనిపించకపోతే?

ఇది చిన్న సమస్యలా అనిపించవచ్చు. గణాంకశాస్త్రం దృష్టిలో మాత్రం ఇది చాలా కఠినమైన సమస్యల్లో ఒకటి. దాన్ని పరిష్కరించడానికి శాస్త్రజ్ఞులు చేపల చెరువు దగ్గరి నుంచి మారువేషాల దాకా చాలా ఉపాయాలు పన్నారు. వాటి సంగతి తెలుసుకునే ముందు, సమస్య ఎంత పెద్దదో చూద్దాం.

ఒకే నగరం, నాలుగు సంఖ్యలు

2000వ సంవత్సరంలో ఢిల్లీలో ఆశ్రయ్ అధికార్ అభియాన్ అనే సంస్థ కార్యకర్తలు రాత్రుళ్ళు వీధులు తిరిగి ఇల్లు లేనివారిని లెక్కించారు. 52,765 మంది తేలారు. తమ కంటపడనివారు కనీసం ఇంకా అంతమంది ఉంటారని ఆ సంస్థ భావించింది. మరుసటి ఏడాది, 2001 జనాభా లెక్కల్లో, అదే ఢిల్లీలో ప్రభుత్వ సిబ్బందికి దొరికినవారు 24,966 మంది. 2011 జనాభా లెక్కల్లో ఆ సంఖ్య 46,724 అయింది. 2014లో ఢిల్లీ అర్బన్ షెల్టర్ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు చేయించిన సర్వేలో 16,760కి దిగింది.

2000కీ 2001కీ మధ్య ఢిల్లీలో సగంమందికి ఇళ్ళు దొరికాయా? 2011 తరువాత మూడేళ్ళలో 30 వేలమంది ఎక్కడికి పోయారు? ఎవరూ ఎక్కడికీ పోయి ఉండనవసరం లేదు. ఒకే ధాన్యాన్ని నాలుగు రకాల జల్లెడలతో జల్లిస్తే నాలుగు రాశులు వస్తాయి. ఎవరిని లెక్కించాలి, ఏ రాత్రి లెక్కించాలి, ఎంతమంది ఎన్ని గంటలు తిరగాలి, ఎక్కడెక్కడ వెతకాలి అన్నవన్నీ మారితే జవాబూ మారుతుంది.

ఈ తగవు మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో 1980లలో ఇల్లు లేనివారు 20 నుంచి 30 లక్షలని ఉద్యమకారులు అంటుండగా, 1984లో అక్కడి గృహనిర్మాణ శాఖ రెండున్నర నుంచి మూడున్నర లక్షలే అని తేల్చింది. తేడా ఒకటి రెండు శాతం కాదు, ఎనిమిది పది రెట్లు! ఇలాంటి చోట ఎవరి సంఖ్య వారికి ఆయుధమవుతుంది. సాయం కోరేవారికి పెద్ద సంఖ్య కావాలి, ఖర్చు పెట్టవలసినవారికి చిన్న సంఖ్య చాలు. కాబట్టి సంఖ్య వినగానే, అది ఎలా వచ్చిందని అడగడం నేర్చుకోవాలి.

ఇల్లు అంటే ఏమిటి?

లెక్కకు మొదటి మెట్టు నిర్వచనం. మన జనాభా లెక్కల ప్రకారం, భవనంలో గాని, ఇల్లుగా గుర్తించిన మరే కట్టడంలో గాని నివసించకుండా ఆరుబయట, రోడ్ల పక్కన, ఫుట్‌పాత్‌ల మీద, సిమెంటు తూముల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, గుళ్ళ ఆవరణల్లో, మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండేవారు ఇల్లు లేనివారు. చదవడానికి స్పష్టంగానే ఉంది. చీకట్లో టార్చిలైటు పట్టుకుని నిలబడితే మాత్రం అంత స్పష్టంగా ఉండదు.

తిరుపతి రైల్వే స్టేషనులో అర్ధరాత్రి వందలమంది దుప్పటి పరుచుకుని పడుకుంటారు. వారిలో చాలామంది తెల్లవారితే కొండెక్కే యాత్రికులు. విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆస్పత్రి ఆవరణలోనో, హైదరాబాదు ఉస్మానియా ఆస్పత్రి ముందో పడుకున్నవారిలో చాలామంది రోగుల బంధువులు. వారికి ఊళ్ళో ఇల్లుంది. నగరంలో మాత్రం రెండు నెలలుగా నిలువ నీడ లేదు. వారిని లెక్కించాలా, వద్దా? మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల నుంచి పనికోసం వచ్చి, ఉదయం అడ్డా మీద నిలబడి, రాత్రి సగం కట్టిన భవనంలో తలదాచుకునే కూలీ మాటేమిటి? ఆ భవనానికి కప్పు ఉంది. అది అతని ఇల్లు కాదు. మే నెలలో ఉక్కపోతకు ఇరుకు గదిలోంచి వచ్చి వాకిట్లో మంచం వేసుకున్న మనిషి ఆరుబయట పడుకున్నాడు గాని ఇల్లు లేనివాడు కాదు. నైట్ షెల్టర్లో పడుకున్నవారికి ఆ రాత్రికి కప్పు ఉంది. అయినా వారిని ఇళ్ళున్నవారిలో కలపగలమా?

వీటికి ఒకే సరైన జవాబంటూ లేదు. ఏదో ఒక నియమం పెట్టుకుని, దాన్ని కాగితం మీద రాసి, లెక్కించేవారంతా ఒకేలా పాటించడమే ముఖ్యం. నాంపల్లిలో ఒకరు రోగుల బంధువులను కలిపి, అఫ్జల్‌గంజ్‌లో మరొకరు వదిలేస్తే, చివరికి వచ్చే మొత్తానికి అర్థం ఉండదు.

ఒకే రాత్రి ఎందుకు?

పాత రోజుల్లో మన దేశం మొత్తాన్ని ఒకే రాత్రి లెక్కించేవారు. 1881 నుంచి 1931 వరకు పద్ధతి అదే. వెన్నెల ఉండే రాత్రిని, పెద్ద జాతరలూ పండుగలూ లేని రోజును చూసి ఎంచుకునేవారు. లక్షలమంది లెక్కరాయుళ్ళు లాంతర్లు పట్టుకుని ఆ ఒక్క రాత్రి దేశమంతా తిరిగేవారు. ఎందుకింత శ్రమ? ఒకే క్షణంలో ఒక మనిషి రెండు చోట్ల ఉండలేడు కాబట్టి. లెక్క నెల రోజులు సాగితే ఈ వారం గుంటూరులో, వచ్చే వారం విజయవాడలో ఉండే మనిషి రెండు చోట్లా రాయబడవచ్చు, లేదా రెండు చోట్లా తప్పిపోవచ్చు. 1941 నుంచి ఒకే రాత్రి పద్ధతికి స్వస్తి చెప్పి, కొన్ని రోజులపాటు ఇళ్ళకు తిరిగే పద్ధతి తెచ్చారు. ఇళ్ళున్నవారికి అది సరిపోయింది. ఇల్లు లేనివారికి సరిపోదు. అందుకే 2001లోనూ, 2011లోనూ ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు ఇళ్ళలోనివారిని లెక్కించి, 28వ తేదీ రాత్రి ఇల్లు లేనివారిని లెక్కించారు. మార్చి 1 సున్నా గంటలు లెక్కకు ఆధార క్షణం. పాత వెన్నెల రాత్రి లెక్క నిరాశ్రయుల విషయంలో మాత్రం ఇంకా బతికే ఉందన్నమాట.

2011లో ఆ రాత్రి దేశం మొత్తం మీద 17,73,040 మంది తేలారు. నగరాలు, పట్టణాల్లో 9,38,348 మంది, పల్లెల్లో 8,34,692 మంది. దేశ జనాభాలో ఇది వెయ్యికి ఒకటిన్నర కంటే కొంచెం తక్కువ. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 1.45 లక్షలు. 2001తో పోలిస్తే దేశంలో మొత్తం తగ్గింది, నగరాల్లో మాత్రం సుమారు 20 శాతం పెరిగింది.

ఒకే రాత్రి లెక్కకు ఒక బలహీనత ఉంది. ఆ రాత్రి ఎలాంటిదన్న దానిమీద జవాబు ఆధారపడుతుంది. సంక్రాంతి వారంలో లెక్కిస్తే కూలీలు చాలామంది సొంత ఊళ్ళకు పోయి ఉంటారు. ముహూర్తాలున్న రోజైతే వంటల పనికి, వడ్డన పనికి పోయినవారు అర్ధరాత్రి దాటేదాకా ఫంక్షన్ హాళ్ళలోనే ఉంటారు. వాన కురిస్తే ఫుట్‌పాత్‌లు ఖాళీ అయిపోతాయి. మనుషులు లేక కాదు, తడవని మూలకు జరగడం వల్ల.

కనిపించకపోవడమే రక్షణ

లెక్కలో తప్పిపోయేవారు అన్ని రకాలవారూ సమానంగా తప్పిపోతే పెద్ద ప్రమాదం లేదు. అలా జరగదు. వీధిలో పడుకునే స్త్రీకి కనిపించకుండా ఉండడమే రక్షణ. ఆమె దీపాల కింద పడుకోదు. గోడ చాటున, గుడి వెనుక, తెలిసినవారి గుంపు మధ్య ఉంటుంది. కొందరు రాత్రంతా నడుస్తూనో, బస్టాండులో కూర్చునో గడిపి పగలు నిద్రపోతారు. టార్చి వెలుగులో లెక్కకు దొరికేవారు ఎక్కువగా ఒంటరి మగవాళ్ళు. అటువంటి లెక్కను నమ్మి షెల్టర్లు కడితే అవి మగవాళ్ళకోసమే కడతాం. స్త్రీలు వాటికి రారు. వారు రావడం లేదు కాబట్టి అవసరమే లేదనుకుంటాం!

రెండోది భయం. యూనిఫారంలో ఉన్నవారు అర్ధరాత్రి వచ్చి పేరడిగితే ఏమవుతుందో వీధిలో ఉండేవారికి అనుభవం. భిక్షాటనను నేరంగా చూసే చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. ఢిల్లీలో అలాంటి చట్టంలోని ముఖ్యమైన సెక్షన్లను అక్కడి హైకోర్టు 2018లో కొట్టివేసింది. హైదరాబాదులో 2017 నవంబరులో ఒక అంతర్జాతీయ సదస్సుకు ముందు పోలీసులు భిక్షాటనను రెండు నెలలపాటు నిషేధించి, బిచ్చగాళ్ళను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. అలాంటి నెలలో ఎవరైనా లెక్కించి ఉంటే ఏ సంఖ్య వచ్చేదో ఊహించండి. వీధిలో ఉండేవారిలో చాలామంది బిచ్చగాళ్ళు కారు. రిక్షా తొక్కేవారు, చిత్తుకాగితాలు ఏరేవారు, మూటలు మోసేవారు, వంటపనివారు. పట్టుకుపోయేటప్పుడు ఆ తేడా ఎవరూ చూడరని వారికి తెలుసు.

మన దేశంలో జనాభా లెక్కలు ముగిశాక, ఎందరు తప్పిపోయారో తెలుసుకోవడానికి కొన్ని ప్రాంతాల్లో మళ్ళీ సర్వే చేస్తారు. 2011లో వెయ్యికి 23 మంది చొప్పున తప్పిపోయారని తేలింది. తలుపు తట్టి అడిగే లెక్కలోనే ఇంత లోటుంటే, తలుపు లేనివారి విషయంలో లోటు ఎంత ఉండాలి? దీన్ని కొలవడానికి ఉపాయమేమైనా ఉందా?

ఉంది. చేపలను లెక్కపెట్టేవారి దగ్గర.

చెరువులో చేపలెన్ని?

చెరువు ఎండగట్టకుండా చేపలను లెక్కించాలి. వల వేసి 100 చేపలు పట్టి, ప్రతిదానికీ ఒక గుర్తు పెట్టి వదిలేయండి. అవి చెరువంతా కలిసిపోయాక మళ్ళీ వల వేయండి. ఈసారి పడిన 100 చేపల్లో 10 గుర్తున్నవి అనుకుందాం. అంటే రెండో వలలో పదో వంతు గుర్తున్నవి. చెరువు మొత్తంలోనూ గుర్తున్నవి పదో వంతే అయి ఉండాలి. గుర్తు పెట్టినవి 100 కాబట్టి, చేపలు సుమారు 1,000. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు పీటర్సన్ 19వ శతాబ్దం చివర సముద్రపు చేపలకు గుర్తులు పెట్టి ఈ దారి చూపాడు. అమెరికాలో లింకన్ 1930లో బాతులకు దీన్ని వాడాడు.

మనుషులకు గుర్తులు పెట్టనక్కరలేదు. రెండు వేరువేరు జాబితాలు చాలు. ఈ మార్గానికి పునాదుల్లో ఒకటి మన దేశంలోనే పడింది. కలకత్తా దగ్గరి సింగూరు ఆరోగ్య కేంద్రం పరిధిలో జననమరణాల రిజిస్టరు ఒకటి ఉండేది. ఇల్లిల్లూ తిరిగి విడిగా మరో జాబితా తయారుచేశారు. రెండింటిలోనూ ఉన్నవెన్ని, ఒకదానిలోనే ఉన్నవెన్ని అని చూసి, రెండింటిలోనూ తప్పిపోయినవెన్నో అంచనా కట్టే పద్ధతిని చంద్రశేఖరన్, డెమింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1949లో ప్రచురించారు.

దీన్ని ఇల్లు లేనివారికి అన్వయిద్దాం. ఒక పట్టణం ఉందనుకోండి. ఒక రాత్రి కార్యకర్తలు వీధులు తిరిగి 240 మందిని రాసుకున్నారు. అదే వారంలో ఉచిత భోజనం పెట్టే చోట మరో బృందం ఇల్లు లేనివారు 180 మందిని రాసుకుంది. పోల్చి చూస్తే 90 మంది రెండు జాబితాల్లోనూ ఉన్నారు. రెండో జాబితాలో సగం మంది మొదటి జాబితాలో ఉన్నారంటే, మొదటి రాత్రి లెక్క పట్టణంలోని నిరాశ్రయుల్లో సగం మందినే పట్టుకుందన్నమాట. కాబట్టి మొత్తం 480. కంటికి కనబడినవారు 240, 180 కలిపి, రెండుసార్లు వచ్చిన 90 తీసివేస్తే 330. మిగిలిన 150 మందిని ఎవరూ చూడలేదు, అయినా వారున్నారని లెక్క చెబుతోంది.

ఇది అంచనాయే గనుక కొంత అటూ ఇటూ ఉంటుంది. పై సంఖ్యలకు గణాంకశాస్త్రం ప్రకారం సుమారు 425 నుంచి 530 వరకు అవకాశమివ్వాలి. ఆ హద్దులు చెప్పకుండా 480 అని మాత్రమే చెప్పడం సగం నిజమే.

చెరువుకూ వీధికీ తేడా

చేపల లెక్క సరిపోవాలంటే కొన్ని షరతులున్నాయి. మొదటిది, రెండు వలల మధ్య కొత్త చేపలు రాకూడదు, ఉన్నవి పోకూడదు. అందుకే రెండు జాబితాల మధ్య ఎక్కువ రోజులు గడవనివ్వరు.

రెండోది, గుర్తు చెరిగిపోకూడదు. మనుషుల విషయంలో గుర్తు అంటే పేరు, వయసు, సొంత ఊరు. ఒక చోట వెంకటేశు అని, మరో చోట వెంకటేశ్వర్లు అని చెబితే ఒకే మనిషి ఇద్దరవుతాడు. కలవవలసిన పేర్లు కలవకపోతే ఉమ్మడి సంఖ్య తగ్గి, అంచనా పెరిగిపోతుంది. పై ఉదాహరణలో 90కి బదులు 60 మందే కలిశారనుకుంటే మొత్తం 480 కాదు, 720 అవుతుంది. ఇద్దరు వేరు మనుషులను ఒకరేననుకుంటే తప్పు రెండో వైపు పోతుంది. ఉమ్మడి సంఖ్య 120 అయితే మొత్తం 360కి దిగుతుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ప్రతి చేపకూ వలలో పడే అవకాశం సమానంగా ఉండాలి. వీధిలో అలా ఉండదు. స్టేషను దగ్గర ఉండేవారు రాత్రి లెక్కకూ సులువుగా దొరుకుతారు, భోజనానికీ వస్తారు. ఊరి చివర కాలువ గట్టు మీద ఉండేవారు రెండింటికీ దొరకరు. సులువుగా దొరికేవారే రెండుసార్లూ దొరికితే ఉమ్మడి సంఖ్య ఉబ్బి, అసలు అంచనా తగ్గిపోతుంది.

చంద్రశేఖరన్, డెమింగ్ దీనికి మందు కూడా చెప్పారు: జనాన్ని ఒకే తీరువారుండే గుంపులుగా విడగొట్టి, గుంపుకొక లెక్క వేసి కలపండి. మన పట్టణానికే వేసి చూద్దాం. స్టేషను ప్రాంతంలో మొదటి జాబితాలో 160, రెండో దానిలో 120, ఉమ్మడిగా 80 అనుకోండి. అంచనా 240. మిగతా పట్టణంలో మొదటిది 80, రెండోది 60, ఉమ్మడి 10. అంచనా 480. రెండూ కలిపితే 720! జాబితాలు అవే. మొత్తాలు అవే: 240, 180, 90. విడగొట్టి చూసేసరికి జవాబు 480 నుంచి 720కి పెరిగింది. కాలువ గట్టు మీది మనుషులు సగటులో కొట్టుకుపోకుండా ఇప్పుడు బయటపడ్డారు. ఉమ్మడిగా దొరికినవారు పదిమందే కాబట్టి ఆ రెండో అంచనాలో అటూ ఇటూ ఎక్కువగానే ఉంటుంది. అయినా అది ఒక దారి చూపిస్తోంది: ఇంకా వెతకవలసింది స్టేషనులో కాదు, గట్టు మీద.

మారువేషంలో ఉన్నవారు

న్యూయార్క్ నగరంలో మరో ఉపాయం వాడారు. లెక్క జరిగే రాత్రి కొందరిని మామూలు బట్టల్లో ఇల్లు లేనివారిలా వీధుల్లో ముందే ఉంచుతారు. ఎవరిని ఎక్కడ ఉంచారో లెక్కించేవారికి తెలియదు. తెల్లవారాక ఆ మారువేషగాళ్ళలో ఎందరు లెక్కకు దొరికారో చూస్తారు. 50 మందిని ఉంచితే 35 మందే దొరికారనుకోండి. ఆ రాత్రి లెక్క వందకు 70 మందినే పట్టిందన్నమాట. వీధిలో 700 మందిని లెక్కించి ఉంటే, నిజానికి వెయ్యిమంది ఉండాలి.

అక్కడ 2005లో జరిగిన లెక్కను పరీక్షించి హాపర్, ఆయన సహచరులు 2008లో ఫలితాలు ప్రచురించారు. మారువేషగాళ్ళను ఉంచిన చోట్లలో 29 శాతం చోట్ల లెక్క వారిని తప్పిపోయింది. లెక్కించేవారు కొన్ని చోట్లకు అసలు వెళ్ళలేదు, కొన్ని చోట్లకు వెళ్ళినా అందరినీ పలకరించలేదు. అంతేకాదు. లెక్క అయిపోయిన మరుసటి రోజుల్లో భోజనశాలలు వంటి చోట్ల ఇల్లు లేనివారిని కలిసి, ఆ రాత్రి ఎక్కడ గడిపారని అడిగారు. వీధుల్లో గడిపినవారిలో 31 నుంచి 41 శాతం మంది లెక్కించేవారి కంటికి కనిపించే అవకాశమే లేని చోట్ల ఉన్నారని తేలింది. మారువేషగాడు కనిపించే చోట కూర్చుంటాడు. నిజంగా ఇల్లు లేని మనిషి కనిపించని చోటు వెతుక్కుంటాడు. ఒక పరీక్ష బయటపెట్టలేని లోటును రెండో పరీక్ష బయటపెట్టింది.

ఒక రాత్రి, ఒక సంవత్సరం

ఇంతవరకు ఒకే రాత్రి ఎందరన్నది చూశాం. సంవత్సరం మొత్తంలో ఎందరు ఇల్లు లేక గడిపారన్నది వేరే ప్రశ్న. ఈ తేడా తెలియక చాలా తగవులు పుడతాయి.

వంద మంచాలున్న ఒక నైట్ షెల్టర్ అనుకోండి. 50 మంచాల్లో ఏడాది పొడవునా అదే 50 మంది. మిగతా 50 మంచాల్లో పది రోజులకొకసారి మనుషులు మారుతుంటారు. ఏ రాత్రి లెక్కించినా 100 మందే. ఏడాదికి లెక్కిస్తే? మారే మంచాల్లో సుమారు 1,825 మంది, మారనివారు 50, మొత్తం 1,875. రాత్రి లెక్క చూసినవారు "వీరిలో సగం ఏళ్ళ తరబడి ఇలాగే ఉండేవారు" అంటారు. ఏడాది జాబితా చూసినవారు "అలాంటివారు వందకు ముగ్గురు కూడా లేరు" అంటారు. ఇద్దరూ నిజమే చెప్పారు.

కల్‌హేన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1994లో న్యూయార్క్, ఫిలడెల్ఫియా నగరాల షెల్టర్ల రికార్డులను ఇలా పరిశీలించారు. న్యూయార్క్ జనాభాలో 1988 నుంచి 1992 వరకు అయిదేళ్ళలో 3.3 శాతం మంది ఏదో ఒక సమయంలో షెల్టర్లో తలదాచుకున్నారని తేలింది. ఇల్లు పోవడం ఎక్కడో ఎవరికో జరిగేది కాదు, చాలామంది బతుకుల్లో వచ్చి పోయే దశ అని ఆ పరిశోధన చూపింది. పని పోయి పది రోజులు వీధిన పడ్డవారికి కావలసిన సాయం వేరు. పదేళ్ళుగా వీధిలో జబ్బుతో ఉన్నవారికి కావలసింది వేరు. మొదటివారికి అడ్వాన్సు కట్టేందుకు కొద్ది డబ్బు చాలవచ్చు. రెండోవారికి వైద్యం, ఎడతెగని తోడు కావాలి. సంఖ్య ఒక్కటే చెబితే ఈ తేడా కనబడదు.

లెక్క తరువాత ఏమిటి?

2010లో ఢిల్లీ చలిలో ఒక షెల్టరును కూల్చివేసిన తరువాత సుప్రీం కోర్టు జోక్యం చేసుకుంది. పెద్ద నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు వందమంది పట్టే షెల్టరు ఒకటైనా ఉండాలన్న కొలబద్ద అలా వచ్చింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కూడా అదే కొలతను తీసుకుంది. చూడండి: ఈ కొలత నగర జనాభాను బట్టి, ఇల్లు లేనివారి సంఖ్యను బట్టి కాదు. నమ్మదగిన లెక్క లేనప్పుడు ఇలాంటి సుమారు కొలతలే దిక్కు. రెండు నగరాల జనాభా ఒకటే అయినా, ఒకదానిలో నిరాశ్రయులు రెండోదానికి అయిదు రెట్లు ఉండవచ్చు. ఎన్ని మంచాలు కావాలన్నదే కాదు, ఎక్కడ కావాలన్నదీ లెక్కే చెప్పాలి. మూటలు మోసేవాడు మార్కెట్ వదిలి నాలుగు మైళ్ళ దూరంలోని షెల్టరుకు పోడు. పోతే తెల్లవారుజామున లారీ వచ్చేసరికి అందుకోలేడు.

లెక్కవల్ల నష్టమూ జరగవచ్చు. ఎవరెవరు ఎక్కడ పడుకుంటారో చూపే పటం సాయం చేసేవారి చేతిలో ఉంటే దుప్పటి వస్తుంది. ఖాళీ చేయించేవారి చేతిలో పడితే లాఠీ వస్తుంది. అందుకే మంచి లెక్కకు నీతి నియమాలు కావాలి. నిద్రపోయేవారిని లేపకూడదు. ఇష్టం లేనివారిని పేరు అడగకూడదు. ఫొటోలు తీయకూడదు. పేర్లున్న జాబితా సరిపోల్చే పని అయ్యాక ఎవరికీ అందకుండా చేయాలి.

ఎన్నికల సంఘం పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పుకోదగ్గది. చిరునామా రుజువు లేని నిరాశ్రయుడు ఓటుకు దరఖాస్తు చేస్తే, బూత్ స్థాయి అధికారి రాత్రి పూట అతను చెప్పిన చోటుకు వెళ్ళి, నిజంగా అక్కడే పడుకుంటున్నాడో లేదో చూడాలి. ఒక్క రాత్రి కాదు, ఒకటికి మించిన రాత్రులు. అలా రుజువైతే కాగితం అక్కరలేదు. తలుపు లేకపోయినా మనిషికి చోటుంటుందని ఒప్పుకునే నియమమిది.

మీ ఊళ్ళో లెక్కించాలంటే

పదిమంది ఉత్సాహవంతులు, పురపాలక సంఘం సహకారం ఉంటే ఏ పట్టణంలోనైనా ఈ పని చేయవచ్చు. ముందు పటం తీసుకుని ఊరిని చిన్న ప్రాంతాలుగా విడగొట్టండి. ఎవరెక్కడ పడుకుంటారో రాత్రి కాపలావారిని, పారిశుధ్య కార్మికులను, టీ బండ్లవారిని అడగండి. అందరికన్నా ముందు, ఒకప్పుడు వీధిలో గడిపినవారిని అడిగి వారినీ బృందంలో చేర్చుకోండి. వారికి తెలిసిన చోట్లు ఏ పటంలోనూ ఉండవు. ఎక్కువమంది ఉంటారనుకున్న ప్రాంతాలన్నీ తిరగండి. తక్కువమంది ఉంటారనుకున్నవాటిలో కొన్నిటిని చీట్లు వేసి ఎంచుకుని తిరగండి. చీట్లు వేయకుండా మీకు తోచినవి ఎంచుకుంటే, తోచనివి ఎప్పటికీ లెక్కలోకి రావు. బృందంలో స్త్రీలు ఉండేలా చూడండి. అందరూ ఒకే గంటలో తిరగండి. వారం లోపల ఆస్పత్రి వద్దో, భోజనం పెట్టే చోటో రెండో జాబితా తయారుచేసి పోల్చండి. వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చేస్తే ఇంకా మంచిది. ఫలితం ప్రకటించేటప్పుడు సంఖ్యతోపాటు నిర్వచనం, తేదీ, పద్ధతి, హద్దులు కూడా ప్రకటించండి.

2021లో జరగవలసిన జనాభా లెక్కలు ఆ ఏడాది జరగలేదు. కాబట్టి 2011 నాటి సంఖ్యలతోనే చాలాకాలం ప్రణాళికలు వేసుకున్నాం. 2027 మార్చి 1ని ఆధార తేదీగా నిర్ణయిస్తూ 2025 జూన్‌లో ప్రభుత్వం నోటిఫికేషన్ వెలువరించింది. పాత సంప్రదాయం ప్రకారమైతే 2027 ఫిబ్రవరి 28 రాత్రి, దేశమంతటా ఇల్లు లేనివారిని వెతుక్కుంటూ లెక్కరాయుళ్ళు బయలుదేరాలి. ఆ సంఖ్య వెలువడిన రోజున మీ నగరం పేరు ఎదురుగా ఎంత ఉందో చూడండి. ఆ తరువాత మీ పురపాలక సంఘాన్ని మూడు ప్రశ్నలు అడగండి: ఆ రాత్రి మా ఊళ్ళో ఎందరు తిరిగారు? ఎక్కడెక్కడికి వెళ్ళారు? ఎందరు తప్పిపోయి ఉంటారని మీ అంచనా? మూడో ప్రశ్నకు "ఎవరూ తప్పిపోలేదు" అన్న జవాబు వస్తే, ఆ లెక్కను ఇంకోసారి చూడవలసిన అవసరం ఉందని గుర్తుపెట్టుకోండి.